ముడులు అటువైపు ఉన్న దడి

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు దడికి అటువైపు నుంచి వచ్చింది.

కేసముద్రంలో మా పెద్దమ్మ ఇల్లు, ఆమె మరిది ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. పెరడు ఒక్కటే. దాని నడుమ వెదురు తడకల దడి. ఇటు పెద్దమ్మ, పెద్దబాపు. అటు పెద్దబాపు తమ్ముడు, ఆయన భార్య. వాళ్లిద్దరినీ నేను చిన్నబాపు, చిన్నమ్మ అంటాను. అన్నదమ్ములు మాట్లాడుకోక చాలా ఏండ్లయింది. అలాంటిది ఆ ఉదయం నాకు ఫోన్ చేసింది పెద్దబాపు కాదు, చిన్నమ్మ.

"బిడ్డా, మీ పెద్దమ్మ లేదే. పొద్దుగాల చీపురు సప్పుడు వినపడలె. కోళ్లను తిట్టుడు గూడ వినపడలె. నాకు పానం ఆగలె. అక్కా అక్కా అని పిలిచిన, పలుకలె. దడి మీద కొట్టికొట్టి బావను లేపిన. జర తొందరగ రా బిడ్డా."

వెనక వరండాలో మంచం మీద, నిద్రలోనే పోయింది మా పెద్దమ్మ. ముందు గదిలో పడుకున్న పెద్దబాపుకు, తమ్ముని భార్య కేక వేసేదాకా ఏమీ తెలియదు. జనగామలో రైలెక్కి కూర్చున్నాక ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి తట్టింది. ఆ పెరట్లో పెద్దబాపు కోరినట్టు గోడే కట్టి ఉంటే, పెద్దమ్మ చీపురు చప్పుడు ఆగిన సంగతి అటువైపు ఎవరికీ తెలిసేది కాదు. అది తట్టగానే నాకు ఏడుపులోనే గర్వం కలిగింది. పెద్దమ్మ గెలిచింది అనుకున్నాను. పక్కన కూర్చున్నామె నా మొహం చూసి ఏమనుకున్నదో తెలియదు.

పెద్దమ్మకు పిల్లలు లేరు. మా అమ్మకు ఆమె సొంత అక్క. హైస్కూలు చదువు కోసం నన్ను ఆమె దగ్గర ఉంచారు. చదువు సంగతి అలా ఉంచండి, నేను ఆమె దగ్గర నేర్చుకున్నది అడ్డం కట్టడం. ఇంటికి అడ్డం అంటే మనకు తెలిసింది గోడ, లేకపోతే గేటు. పెద్దమ్మకు అడ్డం ఒక కళ. చూపుకు అడ్డం ఉండాలి, గాలికి ఉండకూడదు, మాటకు అసలే ఉండకూడదు. చూసినవాళ్లకు ముచ్చటగా ఉండాలి. ఇదంతా ఆమె ఎక్కడా కూర్చోబెట్టి చెప్పలేదు. ఇంటి చుట్టూ కట్టి చూపించింది.

ఆమె పుట్టిన ఊరు మహదేవపూర్ దిక్కు, గోదారి ఒడ్డున. అక్కడ ఆమె చిన్నప్పుడు గోడలున్న పెరడే లేదట. ఏ ఇంటికి చూసినా దడే. వానలు మొదలయ్యే ముందు దడి బిగించడం ఆడవాళ్ల పని. ఈ ఇంటామె ఇటు, ఆ ఇంటామె అటు నిలబడతారు. ఇటు నుంచి తాడు కొస తడక సందులో దూరిస్తే అటామె అందుకుంటుంది, గుంజ చుట్టూ తిప్పి మళ్లీ ఇటు పంపిస్తుంది. పని సాగుతున్నంతసేపు మాటలు సాగుతాయి. ఏడాదంతా మాట పట్టింపుతో ఉన్నవాళ్లు కూడా ఆ రోజు మాట్లాడక తప్పదు. తాడు వచ్చిందో లేదో చెప్పుకోవాలి కదా.

కేసముద్రం ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె మొదట కట్టింది పెరటి దడి కాదు, ముందు వరండాకు అడ్డం. ఆ ఇల్లు మార్కెట్ యార్డుకు పోయే రోడ్డు మీదే ఉంటుంది. పత్తి, మక్కలు వచ్చే రోజుల్లో లారీలు, ట్రాక్టర్లు ఇంటి ముందు వరుస కడతాయి. వరండాలో కూర్చుంటే లారీ మీద ఉన్నవాళ్ల కండ్లన్నీ మన మీదే. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆ రోజుల్లో లోపలే ఉండిపోయేవారట. పెద్దమ్మకు లోపల కూర్చోవడం నచ్చదు. బియ్యం ఏరాలన్నా, పచ్చడికి మామిడికాయ తరగాలన్నా, రోడ్డు మీద పోయే లోకం కనపడాలి.

నేను ఉన్న రోజుల్లో ఒకసారి ఆ వరండా తడక మార్చింది. అప్పుడు ఆమె చేసిన పని చూసి నేను సిగ్గుతో లోపలికి పారిపోయాను. ఇంటి ముందు ఆగిన లారీ డ్రైవర్ని పిలిచింది.

"కొడుకా, జర నీ బండెక్కి కూసో. నేను గీడ కూసుంట. కనపడుతున్ననా చెప్పు."

అతను నవ్వుకుంటూ ఎక్కాడు. "మొఖం కనపడుత లేదవ్వా. చేతులు కనపడుతున్నయి."

"చేతులు కనపడితే కనపడనీ. పనే చేస్తున్నయి గద!"

తరువాత అతన్ని దిగి నడుస్తూ చూడమంది. నడిచే మనిషి చూపు వేరే ఎత్తులో ఉంటుంది కదా. అక్కడ కొంచెం మొహం కనపడుతోందన్నాడు. అక్కడ రెండు బద్దలు దగ్గరకు జరిపి బిగించింది. తడక పైన ఖాళీ వదిలి, ఆ ఖాళీలోకి శంఖుపూల తీగ పాకించింది. నీలం పూలు. లారీల దుమ్ము ఆకుల మీద పడితే సాయంత్రం చెంబుతో నీళ్లు చల్లేది. ఎండాకాలం వస్తే పడమటి దిక్కు వట్టివేళ్ల తడక వేలాడదీసేది. నీళ్లు చల్లితే వరండా అంతా మంచి వాసన. దారిన పోయేవాళ్లు ఆగి మంచినీళ్లు అడిగేవారు. ఆ రోడ్డు మీద అందరికీ అది 'తడకలమ్మ ఇల్లు'. పేరు పెట్టింది ఎవరో డ్రైవరే అయి ఉంటాడు. పెద్దమ్మకు ఆ పేరంటే ఎంత ఇష్టమో, ఎవరైనా అంటే కోపం నటించేటప్పుడు తెలిసేది.

ఆమె కట్టిన ఏ అడ్డమైనా కింద జానెడు ఖాళీ ఉంటుంది. చెదలు ఎక్కకుండా, వాన చినుకు చిట్లి వెదురు కుళ్లకుండా అని చెప్పేది. అసలు సంగతి అది కాదు. ఆమెకు మనుషుల కాళ్లు కనపడాలి. ఆ ఖాళీలోంచి కాళ్లు చూసి, వచ్చింది ఎవరో చెప్పేది. నేను బడి నుంచి వచ్చి దడి పక్కన నిలబడితే లోపలి నుంచే మాట వినపడేది: "ఎడమ కాలు ఈడుస్తున్నవు, ఏమైంది? చెప్పు తెగిందా, మొద్దుకు తగిలిందా?" అబద్ధం చెప్పినా లాభం లేదు. "మొఖం దాసుకోవచ్చు గని కాళ్లు ఎక్కడ దాసుకుంటవే?" అనేది. ఆమె మాటల్లో నాకు బాగా గుర్తున్న మాట అదే.

ఇక పెరటి దడి సంగతి.

సర్పంచి ఎన్నికల్లో పెద్దబాపు నిలబడ్డాడు. చిన్నబాపు ఎదుటి మనిషి తరఫున తిరిగాడు. పెద్దబాపు ఓడిపోయాడు. ఊరు ఆ సంగతి మరిచిపోయింది గాని ఆయన మరవలేదు. ఒకే పెరడు కావడంతో పొద్దున్నే పండ్లపుల్ల నోట్లో పెట్టుకుని ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడాలి. ఒకరోజు పెద్దబాపు ట్రాక్టర్ నిండా ఇటుకలు తెప్పించి పెరట్లో పోయించాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"పొద్దుగాల లేస్తె వాని మొఖమే. నాకు అన్నం సయిస్త లేదు. గోడ కట్టుడే" అన్నాడు.

పెద్దమ్మ ఇటుకల వైపు చూసింది, పెద్దబాపు వైపు చూసింది. "మొఖమే గద నీకు బాధ?"

"ఔ."

"మొఖం కనపడకుంట చేసే పూచి నాది. గోడెందుకు? జర ఆగు."

"ఎట్ల చేస్తవ్?"

"నీకెందుకయ్యా? కనపడితె అప్పుడడుగు."

ఆయన ఆగాడు. పెద్దమ్మ మాట మీద ఆయనకు నమ్మకం. మరునాడే ఆమె నన్ను వెంటబెట్టుకుని కొత్తగూడ పోయింది. అక్కడ తెలిసినవాళ్ల దగ్గర అల్లిన తడకలు చూసి, వేలితో తట్టి, ముదురు వెదురువి ఏరి ట్రాలీలో వేయించింది. గుంజలు పాతించింది. పెద్దబాపు పొలం పోయిన పూట దడి కట్టేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి పెరడు రెండయింది. నాకు అప్పుడు ఎందుకో చాలా బాధేసింది. రోజూ చిన్నమ్మ వాకిట్లోకి ఉరికి జామకాయ తెచ్చుకునేదాన్ని మరి.

"ఏడుస్తున్నవేందే? చిన్నమ్మను పిలువు, పలుకుతదా లేదా చూడు" అన్నది.

పిలిచాను. "ఏంది బిడ్డా?" అని తడకలోంచి వచ్చింది మాట. పక్కన నిలబడ్డట్టే ఉంది. జామకాయ జానెడు ఖాళీలోంచి దొర్లి వచ్చింది. అప్పుడు నవ్వాను.

సాయంత్రం పెద్దబాపు వచ్చి దడి అంతా తిరిగి చూశాడు. చేత్తో నెట్టి చూశాడు, గట్టిగానే ఉంది. మొహం కనపడటం లేదు. ఏమీ అనలేని పరిస్థితి. ఏదో ఒకటి అనాలి కాబట్టి వెతికి వెతికి పట్టుకున్నాడు.

"ముడులన్ని అటు దిక్కు ఏసినవేందే? ముడి మన దిక్కుండాలె గద. వాడు ఎప్పుడంటె అప్పుడు ఇప్పుకుంటడు!"

పల్లెల్లో దడి చూసినవాళ్లకు తెలుసు, ముడి ఎప్పుడూ కట్టినవాళ్ల వైపే ఉంటుంది. బయటి మనిషి విప్పకుండా. మా పెద్దమ్మ దడికి ఇటువైపు తాడు వరుసలు తప్ప ఒక్క ముడి లేదు.

"ఒక్కదాన్ని కట్టిన. కొక్కెంతోని గుంజి కట్టేసరికి అటు వడ్డయి. చేత కాలె. వచ్చే ఏడు సరిగ్గ కడత పో" అన్నది.

వచ్చే ఏడు వచ్చింది. వానలకు ముందు పాత తాడు కోసేసి కొత్త కొబ్బరి తాడు కట్టింది. బైండింగ్ వైరు వాడమని ఎవరో చెబితే, అది వెదురును కోస్తదని వినలేదు. మళ్లీ ముడులు అటే. ఆ తరువాతి ఏడూ అటే. పెద్దబాపుకు అదొక వేళాకోళం అయిపోయింది. ఇంటికి ఎవరు వచ్చినా పెరట్లోకి తీసుకుపోయి చూపించేవాడు. "మా ఆమె దడి చూసిండ్రా? ఇంటి తాళం బయటికి పెట్టింది!" వాళ్లు నవ్వేవారు. పెద్దమ్మా నవ్వేది. "ఏం చేద్దమయ్యా, నాకు గంతే వచ్చు" అనేది. తడక మీద చిక్కుడు తీగ, సన్నజాజి పాకించింది. చిక్కుడుకాయలు అటు కాసినవి అటు, ఇటు కాసినవి ఇటు. ఇటుకలు కొన్నాళ్లు పడి ఉండి, చివరికి కోళ్ల గూటికి, బట్టలుతికే గద్దెకు పోయాయి. గోడ మాత్రం లేవలేదు.

కానీ ఆయన దాన్ని పూర్తిగా వదల్లేదు. తమ్ముని మీద ఏదైనా కొత్త కోపం వచ్చినప్పుడల్లా "ఈసారి గోడే" అనేవాడు. పెద్దమ్మ ఆ ఏడు దడిని ఇంకొంచెం అందంగా కట్టేది. ఒక ఏడు పాత జరీ చీర అంచులు చింపి, తడక పై అంచున అల్లింది. ఎండ పడితే మెరిసేది. అంత ముచ్చటైన దాన్ని పీకి గోడ కట్టమని ఎవరు చెప్పగలరు? పెద్దబాపు కూడా చెప్పలేకపోయాడు. ఆమె జీవితమంతా ఒక గోడను లేవకుండా ఆపుతూ వచ్చింది. అరవకుండా, అలగకుండా, ఏడాదికొకసారి తాడు మార్చి.

నాకు జనగామలో ఉద్యోగం వచ్చి, మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నాక పెద్దమ్మ చూడటానికి వచ్చింది. బాల్కనీకి నేను ఆకుపచ్చ జాలీ కట్టుకున్నాను. అందరూ అదే కట్టుకుంటారు.

"గిదేందే? కట్టుబడి నడిచే ఇంటికి కప్పినట్టు! ఇంట్లకు వచ్చినవా, ఇంక మేస్త్రీ దిగలేదా?" అన్నది.

రెండు రోజుల్లో బాల్కనీ మారిపోయింది. నడుము ఎత్తుదాకా సన్న బద్దల తడక, దాని పైన కుండీల్లోంచి బచ్చలి తీగ, ఎండ వచ్చే మూల పాత నూలు చీర తెర. ఎదుటి ఇంటి కిటికీ కనపడదు. ఆకాశం కనపడుతుంది. నేను అక్కడ కూర్చుని జుట్టు ఆరబెట్టుకోవచ్చు, లోకం చూడొచ్చు. మా అపార్టుమెంటులో ఇప్పుడు చాలా బాల్కనీలకు అలాంటి తడకలే ఉన్నాయి. ఎవరైనా మెచ్చుకుంటే మా పెద్దమ్మ కట్టింది అని చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

అప్పుడు ఒక సంగతి గమనించాను. మూడో అంతస్తు బాల్కనీకి బయట ఎవరూ నిలబడలేరు. పెద్దమ్మ కొక్కెంతో తాడు గుంజి, ముడులన్నీ చక్కగా లోపలి వైపు వేసింది. వేళ్లు టకటక ఆడుతున్నాయి.

"ఇక్కడ వచ్చింది కదా పెద్దమ్మా. మరి పెరటి దడికి ఎందుకు రాదు?" అన్నాను.

"అక్కడ చెయ్యి తిరుగదు" అన్నది. తల ఎత్తలేదు. "ఆ కత్తెర ఇటియ్యి."

ఇచ్చాను. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఇప్పుడు మళ్లీ ఆ రోజుకు వస్తాను. నేను కేసముద్రం చేరేసరికి వాకిలి నిండా జనం. పెద్దబాపు అరుగు మీద, చిన్నబాపు గేటు దగ్గర. ఆ రోజు కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎదురుపడకుండా ఇద్దరికీ వాకిట్లో తలా ఒక మూల.

పెద్దమ్మకు స్నానం చేయించాలి. మా దిక్కు ఆడమనిషికి ఆ స్నానం పెరట్లో, చుట్టూ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుని చేయిస్తారు. ఎవరో నాలుగు చీరలు తెచ్చారు. అప్పుడు దడికి అటువైపు నుంచి చిన్నమ్మ గొంతు వినపడింది.

"చీరెలు వద్దు. అక్కకు అక్క తడకలే అడ్డం పెడదం."

ఎవరూ ఏమీ అనేలోపే దడి కదిలింది. నేను ఇటు నిలబడి చూస్తున్నాను. ఇటువైపు తాడు వరుసలు ఒక్కొక్కటే వదులై కింద పడుతున్నాయి. కత్తి చప్పుడు లేదు. ఆమె కోయడం లేదు, విప్పుతోంది. గట్టిపడ్డ కొబ్బరి తాడు ముడి విప్పడం ఎంత కష్టమో తెలుసా? తెలియని మనిషికి గోళ్లు ఊడతాయి. ఆమెకు మాత్రం ఎక్కడ నొక్కితే ఏది వదులవుతుందో తెలిసినట్టే ఉంది.

పెద్దబాపు అరుగు మీది నుంచి లేచి వచ్చాడు. దడి తొలగిన చోట, అటువైపు, చిన్నమ్మ చేతుల్లో తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ముడుల వైపు, ఆమె చేతుల వైపు చూశాడు.

చిన్నమ్మ తల వంచుకుని చెప్పింది. "నేను కట్టిన ముడులే బావా. ఏటేటా నేనే కట్టిన. అక్క తాడు పంపేది, నేను ముడి ఏసేది. మీకు తెలిస్తె లొల్లి అయితదని అక్క ఎవ్వలకు చెప్పలె. అందరు నవ్వుతుంటే, నాకు చేత కాదు అనేది. ఆమెకు చేత కానిదేంది బావా?"

అప్పుడు నాకు నిజంగా దుఃఖం పొంగింది. దాంతో పాటు ఇప్పటికీ తగ్గని గర్వం కూడా. ఇన్నేండ్లూ ఏటా ఒక పూట, మగవాళ్లు ఇంట్లో లేని సమయం చూసి, ఆ ఇద్దరు యారాండ్లు తడకకు చెరో దిక్కు నిలబడ్డారు. గోదారి ఒడ్డున ఆడవాళ్లు కట్టినట్టే కట్టారు. తోటికోడలికి ఇంట్లో మాట రాకుండా మా పెద్దమ్మ ఊరందరి వేళాకోళం తన మీద వేసుకుంది. ముచ్చటైన తడకలు కట్టినందుకు ఆమెను అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు అసలు మెప్పు రావలసింది ఆ నవ్వులు పడినందుకు. అందుకే ఇది రాస్తున్నాను.

విప్పిన తడకలు ఆడవాళ్లు నిలబెట్టి పట్టుకున్నారు. ఒక తడకకు చిక్కుడు తీగ అలాగే ఉంది, పూతతో. ఆ అడ్డంలో పెద్దమ్మకు స్నానం చేయించాం. తడకల కింద జానెడు ఖాళీలో చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ల పాదాలు కనపడుతున్నాయి. మెట్టెలున్నవి, పగుళ్లున్నవి, పసుపు రాసుకున్నవి. పెద్దమ్మ బతికి ఉంటే ఏవి ఎవరివో గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఆ తడకలు మళ్లీ ఇంటికి కట్టకూడదన్నారు పెద్దవాళ్లు. పాడెతో పాటే అవీ పోయాయి. పెరటి దడిలో తలుపంత ఖాళీ మిగిలింది. మా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, దినాలయ్యేదాకా ఆ ఖాళీలోంచే చిన్నమ్మ అన్నం గిన్నెలు తెచ్చింది. పెద్దబాపు ఏమీ అనకుండా తిన్నాడు. చిన్నబాపు మాత్రం ఆ ఖాళీ దాటి ఇటు రాలేదు.

పదోనాడు భోజనాల దగ్గర ఒక చుట్టం పెద్దబాపుతో అన్నాడు. "ఇగ ఎట్లనో దడి పోనే పోయింది. గోడ కట్టెయ్యి పటేలా. ఏటేటా గీ తాళ్ల పంచాయితీ ఎందుకు? చూసేటామె గూడ లేదు."

నా చేతిలో విస్తరి ఆగిపోయింది. చిన్నమ్మ వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. పెద్దమ్మ ఇన్నేండ్లు ఆపింది ఆ ఒక్క మాటనే. ఇక ఆపేవాళ్లు లేరు.

పెద్దబాపు మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"బిడ్డా, కొత్తగూడల మీ పెద్దమ్మ తడకలు తెచ్చేటోళ్లు నీకు ఎరుకేనా?"

"ఎరుకే పెద్దబాపు."

"రేపు పోదం."

పోయి తెచ్చాం. ముదురు వెదురు ఏరే పని నేను చేశాను. ఆయన పక్కన నిలబడి, పెద్దమ్మ తట్టినట్టే వేలితో తట్టి చూశాడు. ఏం విన్నాడో తెలియదు గాని తల ఊపాడు.

మరునాడు పొద్దున్నే ఖాళీలో కొత్త తడక నిలబెట్టాం. పాత తడకలు బూడిద రంగులో ఉన్నాయి, ఇది పచ్చిగా మెరుస్తోంది. కొబ్బరి తాడు తీసి సందులో దూర్చబోతుంటే పెద్దబాపు నా చేతిలోంచి తీసుకున్నాడు. జీవితంలో ఒక్కసారి కూడా దడి కట్టని మనిషి. మోకాళ్ల మీద వంగి, తాడు కొసను సందులో దూర్చాడు. తరువాత అక్కడే ఆగిపోయాడు. చూపు కిందికి పోయింది.

నేనూ చూశాను. తడక కింద జానెడు ఖాళీలో అటువైపు నిలబడ్డ పాదాలు కనపడుతున్నాయి. మెట్టెలు లేవు. బొటనవేలు గోరు సగం లేదు. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం ఎక్కిన వేలు అది, అన్నదమ్ములిద్దరూ కలిసి తోలిన బండి. ఎవరి పాదమో పెద్దబాపుకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

అటు నుంచి తాడు కదిలింది. ఎవరో అందుకున్నారు. కోళ్లు ఆ ఖాళీలోంచి అటూ ఇటూ దూరుతున్నాయి.

"జర గట్టిగ గుంజు అన్నా" అన్నది అటువైపు గొంతు. బొంగురుపోయి ఉంది. "వదులైతె వదినె ఊకోదు."

పెద్దబాపు గుంజాడు. రెండు చేతులతో, తన వయసు మరిచిపోయి గుంజాడు. తడక వంకరపోయింది. పెద్దమ్మ చూస్తే విప్పించి మళ్లీ కట్టించేది.

"సాలు. ముడి ఎటు ఏద్దం?" అని అడిగాడు చిన్నబాపు.

పెద్దబాపు తాడు వదిలేశాడు. ఆ కొస తడక సందులోంచి మెల్లగా అటు జారిపోతుంటే దానివైపే చూస్తూ చెప్పాడు.

"నీ దిక్కే ఏయి రా."